చంపకపోతే చాలదు

పది ఆజ్ఞల్లో హత్య కూడదన్న మాట బాప్టిస్టుల లెక్కలో ఆరోది, లూథరన్ల లెక్కలోనూ కతోలికుల లెక్కలోనూ ఐదోది. లెక్క ఏదైనా, సండే స్కూలు పిల్లలు ఇట్టే కంఠతా పట్టేది దీన్నే. పెద్దయ్యాక అన్నిటికంటే తేలిగ్గా పక్కన పెట్టేసేదీ దీన్నే. ఎన్నడూ అబద్ధం ఆడలేదని, పరాయి సొమ్ముకు ఆశపడలేదని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పడం కష్టం. ఎవరినీ చంపలేదని మాత్రం దాదాపు అందరమూ చెప్పగలం. అందుకే ఈ ఆజ్ఞ హంతకుల కోసం రాసిందని, మనకు సంబంధించింది కాదని అనుకుంటాం.

మోషే ధర్మశాస్త్రం అలా అనుకోనివ్వదు. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టుకునేవాడికి ఒక నియమం ఉంది. మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టకపోతే, పైనుంచి ఎవరైనా పడి చనిపోయినప్పుడు ఆ రక్తాపరాధం ఆ ఇంటిదే. నిర్గమకాండం 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దు సంగతి ఉంది. అది పొడుస్తుందని తెలిసీ యజమాని కట్టెయ్యకపోతే, అది ఎవరినైనా చంపిన రోజున ఎద్దుతోపాటు యజమాని కూడా దోషి. ఈ రెండుచోట్లా ఎవరికీ ఎవరినీ చంపాలన్న తలంపు లేదు. చెయ్యవలసిన పని చెయ్యకపోవడమే నేరం.

యేసు ఈ గీతను ఇంకా ముందుకు జరిపాడు. విశ్రాంతి దినాన ఊచచెయ్యి గలవాణ్ణి బాగుచేసే ముందు, ప్రాణం కాపాడటం ధర్మమా, చంపడం ధర్మమా అని చుట్టూ ఉన్నవాళ్లను అడిగాడని మార్కు రాశాడు. మధ్యేమార్గం ఆయన ఇవ్వలేదు. మంచి సమరయుడి కథలో దొంగలకంటే మనకు ఎక్కువ గుర్తుండేది, పక్కగా తప్పుకుని వెళ్లిపోయిన యాజకుడూ లేవీయుడూ. సంస్కరణ కాలపు బోధకులు ఈ దారినే నడిచారు. 1529లో లూథరు రాసిన పెద్ద కాటెకిజం ఆకలిగొన్నవాడికి పెట్టగలిగీ పెట్టనివాణ్ణి హంతకుడిగానే లెక్కవేసింది. 1563 నాటి హైడెల్‌బర్గ్ కాటెకిజం, శత్రువుకు కూడా కీడు తప్పించడం ఈ ఆజ్ఞలో భాగమంది. ఆ తర్వాతి శతాబ్దంలో వెస్ట్‌మిన్‌స్టర్ పండితులు తిండి, మందు, నిద్ర, పని, విశ్రాంతి ఇవన్నీ మితంగా ఉండటం కూడా ప్రాణరక్షణ కిందికే వస్తుందని జాబితా రాసిపెట్టారు. నిద్ర మానుకుని దేహాన్ని గుల్ల చేసుకోవడం భక్తి అనుకునే మనవాళ్లు ఆ జాబితాను ఒకసారి చదవాలి.

ప్రాణరక్షణను చేతిపనిగా తలకెత్తుకున్న ప్రతిసారీ క్రైస్తవ సంఘం ఈ ఆజ్ఞను నిలబెట్టింది. నినాదంగా పట్టుకున్నప్పుడు, తనకు నచ్చిన ఒక్క ముక్కనే పట్టుకున్నప్పుడు ఓడిపోయింది. రెండువేల ఏళ్ల చరిత్రను ఈ కొలతతోనే చూడాలని నా పట్టు.

రోము సామ్రాజ్యంలో అక్కర్లేని పసికందును, ముఖ్యంగా ఆడపిల్లనో అవిటి బిడ్డనో, ఊరిబయట వదిలెయ్యడం తండ్రి హక్కు. తొలి సంఘాల బోధనల పుస్తకం డిడకే గర్భస్రావాన్నీ శిశుహత్యనూ ఒకే వాక్యంలో నిషేధించింది. నిషేధంతో ఊరుకుంటే దాన్ని ఎవరూ లెక్కచేసేవారు కాదు. ఆ సంఘాలు అనాథలనూ విధవరాళ్లనూ పోషించాయి. మూడో శతాబ్దం నడుమ మహామారి వచ్చినప్పుడు అలెగ్జాండ్రియాలో క్రైస్తవులు రోగుల దగ్గరే ఉండి, వాళ్లతోపాటే చనిపోయారని అక్కడి బిషప్ డయొనీసియస్ రాసిన లేఖ యూసేబియస్ చరిత్రలో నిలిచింది. 368-369లో కప్పదొకియ కరువు పట్టినప్పుడు బాసిల్ ధాన్యం దాచుకున్నవాళ్లను ప్రసంగాల్లో నిలదీశాడు. అక్కడితో ఆగకుండా కైసరియ వెలుపల ఆస్పత్రి, సత్రం, కుష్ఠురోగుల నివాసం కట్టించాడు. 374లో చక్రవర్తి వాలెంటీనియన్ శిశుహత్యను నేరం చేశాడు. పని ముందు జరిగింది, చట్టం వెనక వచ్చింది.

గెలుపు పక్కనే ఓటమి కూడా చెప్పాలి. 390లో థెస్సలొనీకలో జనాన్ని ఊచకోత కోయించిన చక్రవర్తి థియొడోసియస్‌ను, పశ్చాత్తాపపడేదాకా ప్రభువు బల్లకు రానివ్వనన్నాడు మిలాను బిషప్ ఆంబ్రోస్. ఆ సంఘమే 1099లో యెరూషలేములో శిలువ పేరు చెప్పి వీధుల్లో రక్తం పారించింది. 1941 ఆగస్టు 3న మున్‌స్టర్ బిషప్ గాలెన్, నాజీలు మతిస్థిమితం లేనివాళ్లను చంపుతున్నారని ప్రసంగపీఠం మీంచి బయటపెట్టాడు. అదే జర్మనీలో చాలా చర్చిలు నోరు విప్పలేదు. ఫ్రాన్సులో లె షాంబోన్ అనే కొండ ఊళ్లో పాస్టర్ ఆంద్రే ట్రొక్మే, ఆయన సంఘస్థులు, చుట్టుపక్కల పల్లెలవాళ్లు వేలమంది యూదులను ఇళ్లలో దాచారు. 1994లో రువాండాలో న్యమాట, న్తరామ చర్చిల్లో తలదాచుకున్న వేలమందిని అక్కడే నరికేశారు. నరికినవాళ్లలోనూ బాప్తిస్మం పొందినవాళ్లు ఉన్నారు. రువాండా అప్పటికి ఆఫ్రికాలోనే జనాభాలో ఎక్కువ శాతం క్రైస్తవులున్న దేశాల్లో ఒకటి. ఆదివారం హాజరు ప్రాణాన్ని కాపాడదని అంతకంటే కఠినంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

తెలుగు నేల మీద ఈ ఆజ్ఞ ఏ రూపం తీసుకుందో చూస్తే ముందు కనిపించేది ఒక కాలువ. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు ప్రాంతంలో పశువులు పోయాయి, తర్వాత మనుషులు పోవడం మొదలైంది. అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఉన్నాడు. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని నేర్చినవాడు. ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, అందులో సుమారు మూడున్నర మైళ్ల ముక్కను ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తన దగ్గరున్న తెలుగు బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో వచ్చినవాళ్లకు తట్టా పారా ఇచ్చి కూలి ఇచ్చాడు. పనికి వచ్చినవాళ్లు ఎక్కువగా మాదిగలు. వేరే పనుల దగ్గర తిట్లూ దెబ్బలూ తినే జనం ఇక్కడ తమలోంచే వచ్చిన బోధకుల కింద పనిచేశారు. ఊపిరి నిలుపుకునే కూలితోపాటు మనిషన్న లెక్క కూడా దొరికింది.

ఇంతకంటే గొప్ప సంగతి తర్వాత జరిగింది. బాప్తిస్మం ఇమ్మని వందలమంది వచ్చి అడుగుతుంటే క్లౌ ఏడాదికి పైగా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారో విశ్వాసంతో వచ్చారో తేలాలని ఆగాడు. కరువు సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వస్తూనే ఉన్నారు. చివరికి 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మన సంఘాలు గర్వంగా చెప్పుకుంటాయి. నాకు అంతకుముందు ఆగిన ఆ ఏడాది ముఖ్యం. ప్రాణం కాపాడటానికి మతం షరతు కాకూడదని ఆయన చేతల్లో చూపించాడు. అన్నం ఎరగా వేసి మతం మారుస్తారన్న నింద ఈనాటికీ వినిపించే దేశంలో ఆ నిగ్రహం మనకు పెద్ద ఆస్తి. దాన్ని పాడుచేసుకున్న సందర్భాలూ ఉన్నాయి కాబట్టే గుర్తుచేస్తున్నాను.

గుంటూరులో ఇదే పని ఆస్పత్రి రూపంలో జరిగింది. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో పెన్సిల్వేనియా నుంచి వచ్చారు. మిషన్ బోర్డు అప్పటికి వైద్యం పెట్టుకోదలచలేదు, ఆమెను వేరే సేవకు పంపింది. ఆమె ఆ పని చేస్తూనే మందులు ఇచ్చారు. మగ డాక్టరుకు నాడి చూపించడమే తప్పనుకునే ఇళ్లలో, కాన్పు కష్టమైతే మంత్రసాని తర్వాత ఇక చావే అనుకునే ఇళ్లలో, ఒక ఆడ డాక్టరు అడుగుపెట్టడం ఎంత మార్పో ఆ ఇళ్లవాళ్లకే తెలుస్తుంది. 1898లో ఆమె ఆస్పత్రి తెరుచుకుంది. 1930లో చనిపోయేదాకా ఆమె పని గుంటూరులోనే. అదే ఊరికి 1920లో ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ మేరీ గ్లౌరీ వచ్చి కన్యస్త్రీ అయ్యారు. అప్పటి కతోలిక నియమాల ప్రకారం కన్యస్త్రీలు వైద్యం చెయ్యకూడదు. పోపు ప్రత్యేకంగా అనుమతిస్తేనే ఆమెకు వీలైంది. ఆ అడ్డు అందరికీ తొలగింది 1936లో. ప్రాణరక్షణకు అడ్డొచ్చే నియమం తనదే అయినా సంఘం మార్చుకోవలసిందే అనడానికి ఇది మంచి సాక్ష్యం. 1943లో ఆమె చొరవతో మొదలైన కతోలిక ఆస్పత్రుల సంఘం కేంద్రం ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఉంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ దంపతులు కుష్ఠు ఆస్పత్రి పెట్టారు. ఊరు వెళ్లగొట్టినవాళ్లకు అక్కడ మందుతోపాటు ఇల్లూ దొరికింది.

ఈ వారసత్వం చెప్పుకుంటూ కూర్చుంటే నేటి ప్రశ్నలు తేలవు. పుట్టుక దగ్గరి ప్రశ్నే తీసుకుందాం. గర్భంలో పడ్డ క్షణం నుంచి ప్రాణం పవిత్రమని, నేరుగా దాన్ని తీయడం ఏ పరిస్థితిలోనూ కూడదని కతోలిక బోధ. 1995లో పోపు జాన్ పాల్ 2 రాసిన ఎవాంగెలియుమ్ వీటే దాన్ని గట్టిగా చెప్పింది. ప్రొటెస్టెంట్లలో చాలామంది తల్లి ప్రాణం ప్రమాదంలో ఉంటే మినహాయింపు ఇస్తారు, కొందరు మానభంగం విషయంలోనూ ఇస్తారు, కొన్ని సంఘాలు ఆ స్త్రీ మనస్సాక్షికే వదిలేస్తాయి. మన దేశంలో 1971 చట్టం గర్భస్రావాన్ని కొన్ని షరతులతో అనుమతించింది. 2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచింది. కడుపులో బిడ్డ కూడా మనం కాపాడవలసిన ప్రాణమేనని నేను నమ్ముతాను. అయితే అమెరికా ప్రసంగాలను ఇక్కడికి తెచ్చి అప్పజెప్పే బోధకులు మన గడ్డమీది ప్రశ్నను దాటేస్తున్నారు. ఇక్కడ కడుపులో ప్రాణం పోయేది చాలాసార్లు ఆడపిల్ల కాబట్టి. లింగ నిర్ధారణను 1994 చట్టం నిషేధించినా, ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 927 మందే ఉంటే, 2011 నాటికి ఆ సంఖ్య ఇంకా తగ్గింది. ఆడపిల్ల భారమని ఎందుకు అనుకుంటున్నారు? కట్నం వల్ల. ఆ కట్నం మన క్రైస్తవ ఇళ్లలోనూ నడుస్తోంది, చర్చిలో పెళ్లి జరిపే పాస్టర్ గారికి తెలిసే నడుస్తోంది. గర్భస్రావం పాపమని చెప్పి కట్నం మాట ఎత్తని ప్రసంగం సగం ప్రసంగమే. పెళ్లికాకుండా గర్భం దాల్చిన అమ్మాయిని సంఘం ముందు నిలబెట్టి అవమానించే చోట, ఆ బిడ్డ ప్రాణం గురించి మాట్లాడే హక్కు ఆ సంఘానికి ఎక్కడిది?

కులం దగ్గర మన మౌనం ఇంకా పెద్దది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. రెండు ఊళ్ల దళిత వాడల్లోనూ క్రైస్తవం ఉంది, చర్చి ఉంది. చుండూరు కేసులో కింది కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. కారంచేడు తర్వాత వచ్చిన 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం ప్రాణాలకు కంచె వంటిది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడిగా మారిన దళితుడికి ఎస్సీ హోదా లేదు కాబట్టి ఆ కంచె అతనికి దక్కదు. ఊళ్లో దాడి చేసేవాడు మతం అడిగి దాడి చెయ్యడు. ఈ అన్యాయం మీద దశాబ్దాలుగా పోరాటం నడుస్తోంది, అందులో చర్చి నాయకులూ ఉన్నారు. కానీ పై కులాల నుంచి వచ్చిన విశ్వాసులు కూర్చునే సంఘాల్లో ఆరో ఆజ్ఞ ప్రసంగం చుండూరు దాకా వెళ్లడం అరుదు. కులం ప్రాణం తీసేది దాడుల్లోనే కాదు. కోలార్ గనుల ఊళ్లో పారిశుద్ధ్య కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్, పాకీ పని మీద జీవితమంతా పోరాడుతూ వచ్చారు. ఆయన సంస్థ సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు, మురుగు కాలువల్లో దిగి చనిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షల పరిహారం ఇవ్వాలంది. మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపడమంటే పిట్టగోడ లేని మిద్దె మీదికి తెలిసి ఎక్కించడమే.

యుద్ధం, మరణశిక్ష విషయాల్లో క్రైస్తవులు ఎన్నడూ ఒక్క మాట మీద లేరు. మెన్నొనైట్లు ఆయుధమే పట్టరు. అగస్టీను దారిలో నడిచేవాళ్లు న్యాయమైన యుద్ధం ఉంటుందంటారు. కతోలిక సంఘం 2018 ఆగస్టులో తన కాటెకిజం మార్చి మరణశిక్ష ఏ సందర్భంలోనూ తగదంది. రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం చూపించి పాలకుడికి ఆ అధికారం ఉందనే ప్రొటెస్టెంట్లు చాలామంది ఉన్నారు. నన్ను ఒప్పించేది వాదన కాదు, ఒడిశాలో గ్లాడిస్ స్టెయిన్స్. 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో భర్తనూ ఇద్దరు పిల్లలనూ జీపులో సజీవ దహనం చేసినవాళ్లను ఆమె క్షమించానన్నారు. బారిపదలో కుష్ఠురోగుల సేవ ఆపలేదు.

చివరి ఘడియల ప్రశ్న ఇప్పుడు ప్రతి ఇంటికీ వస్తోంది. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న తండ్రి, బయట పొలం అమ్మి డబ్బు కట్టే కొడుకు. వెంటిలేటర్ తీసేస్తే చంపినట్టా? 1957 నవంబరులో పోపు పియస్ 12, మత్తు వైద్యులతో మాట్లాడుతూ దీనికి జవాబిచ్చారు. మామూలు సాధనాలతో ప్రాణం నిలబెట్టడం విధి, రోగికీ కుటుంబానికీ మోయలేని భారమయ్యే అసాధారణ సాధనాలు విధి కాదు. చావును తెచ్చిపెట్టడం వేరు, దాన్ని ఆపలేమని ఒప్పుకోవడం వేరు. అరుణా శాన్‌బాగ్ కేసులో 2011లో, కామన్ కాజ్ కేసులో 2018లో మన సుప్రీంకోర్టు వెళ్లిన దారి దీనికి దగ్గరగానే ఉంది. ఇక్కడ సంఘం చెయ్యవలసిన పని ఇంకోటి ఉంది. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే క్రైస్తవ వైద్యురాలు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టి, నయం కాని రోగికి నొప్పి తగ్గించడమే ఒక వైద్యశాఖగా నిలబెట్టారు. మిషన్ ఆస్పత్రులు నడిపిన మన సంఘాలు పాలియేటివ్ కేర్ పడకల మీద అంత శ్రద్ధ ఇంకా పెట్టలేదు.

స్వస్థత కూటాల మాట ఎత్తకుండా తెలుగు క్రైస్తవం గురించి రాయడం నిజాయితీ కాదు. ప్రార్థన రోగికి బలమిస్తుందని నేనూ నమ్ముతాను. కానీ సాక్ష్యం చెప్పడానికి వేదిక ఎక్కే ముందు టీబీ మాత్రలు మానేసినవాళ్లు, ఇన్సులిన్ ఆపేసిన తల్లులు, మూర్ఛ మందు బదులు ప్రార్థన నూనె రాయించుకున్న పిల్లలు మన మధ్యే ఉన్నారు. మందు వాడటం అవిశ్వాసమని బోధించడం ఆరో ఆజ్ఞను మీరడమే. లూకా వైద్యుడని పౌలే రాశాడు. కడుపు జబ్బున్న తిమోతికి, అప్పటి వైద్యం ప్రకారం, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మన్నాడు. 1527లో విట్టెన్‌బర్గ్‌కు ప్లేగు వచ్చినప్పుడు లూథరు ఊరు విడిచి పోలేదు, తన ఇంటినే రోగులకు ఇచ్చాడు. బ్రెస్లౌ పాస్టరుకు అప్పుడు రాసిన లేఖలో మందు వాడాలని, ఇంటికి పొగ వెయ్యాలని, అవసరం లేని చోటికి వెళ్లి అంటు మొయ్యొద్దని చెప్పాడు. మందును తోసిపుచ్చేవాడు దేవుణ్ణి నమ్మడం లేదని, శోధిస్తున్నాడని ఆయన లెక్క.

ఎవరి నోటా వినపడని ఒక చట్టం గురించి కూడా చెప్పాలి. రోడ్డు ప్రమాదాల్లో 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో 1,68,491 మంది చనిపోయారు. క్షతగాత్రుణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లినవాణ్ణి పోలీసులు, ఆస్పత్రులు వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు బలమిచ్చింది. 2019లో మోటారు వాహన చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. ఆ చట్టం సాయం చేసినవాణ్ణి గుడ్ సమారిటన్ అనే పిలుస్తుంది. లూకా సువార్త కథ భారత చట్టంలోకి వచ్చేసింది. ఆ కథ మీద ఏటా ప్రసంగాలు వినే మనవాళ్లలో ఎంతమంది ఆ సెక్షన్ ధైర్యంతో బండి ఆపుతున్నారు? ప్రసంగం చివర రెండు నిమిషాలు ఆ చట్టం చెప్పడానికి పాస్టర్ గారికి వచ్చే నష్టమేమీ లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆత్మహత్యల విషయంలో సంఘం తీరు. 2022లో దేశంలో 1,70,924 మంది ప్రాణం తీసుకున్నారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు పోయారు. ఆత్మహత్యను హత్యగానే చూసిన అగస్టీను ప్రభావంతో, ఆరో శతాబ్దపు బ్రాగా సభ అలా పోయినవాళ్లకు అంత్యక్రియల ప్రార్థనలు వద్దంది. కతోలిక సంఘం 1983 నాటి ధర్మసూత్రాల్లో ఆ నిషేధం తీసేసింది. మానసిక వేదన మనిషి బాధ్యతను తగ్గిస్తుందని, వాళ్ల రక్షణ గురించి ఆశ వదులుకోవద్దని 1992 కాటెకిజం చెప్పింది. మన స్వతంత్ర సంఘాల్లో మాత్రం అలా చనిపోయినవాడు నరకానికే వెళ్లాడని పెట్టె ముందే చెప్పేవాళ్లు ఉన్నారు. సమాధుల తోటలో ఒక మూలకు తోసే ఊళ్లు ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ణి తీవ్ర ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడమంది. చట్టం చూపిన ఆ దయ ప్రసంగపీఠం మీద కనిపించకపోవడం సిగ్గుచేటు.

దీనికి చెయ్యగల పనులు ఉన్నాయి, ఖర్చు కూడా తక్కువే. ప్రమాదకరమైన పురుగుమందులను శ్రీలంక నిషేధించాక అక్కడ ఆత్మహత్యలు బాగా తగ్గాయి. రైతు సంఘస్థుల ఇళ్లలో మందు డబ్బా తాళం వేసిన పెట్టెలో ఉందో లేదో చూడటం కూడా పాస్టర్ గారి పరామర్శలో భాగం కావాలి. ఫలితాలు వచ్చే వారంలో యూత్ లీడర్లు పిల్లల ఇళ్లకు వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416 చర్చి నోటీసు బోర్డు మీద, ఆరాధన వేళల పక్కనే ఉండాలి. అలాంటి చావు జరిగిన ఇంట్లో మిగిలినవాళ్లకు కూడా ఆ ముప్పు ఎక్కువని మానసిక వైద్యులు చెబుతున్నారు. అంత్యక్రియలు అందరికీ చేసినట్టే చెయ్యాలి. చుట్టాలు వెళ్లిపోయి ఆ ఇల్లు ఖాళీ అయ్యాక, ఆ తర్వాతి వారాల్లో, సంఘ పెద్దలు మళ్లీ మళ్లీ ఆ ఇంటికి వెళ్లి కూర్చోవాలి.